పాళ్ళలోని మర్మం

ఇనుము మానవజాతికి చిరపరిచితమైన లోహం. నాగలి కర్రు మొదలుకొని రైలు పట్టాల వరకు మనిషి కష్టంలో పాలుపంచుకొన్న లోహమది. ఇనుముకు సంస్కృతంలో ‘అయస్సు’ అని పేరు. అయస్సుకు కాంతమైనది, అనగా ప్రియమైనది అయస్కాంతం. ఇనుము ఎక్కడ ఉన్నా దానికేసి పరుగెత్తే రాతిని చూసి మన పూర్వులు పెట్టిన పేరది. పేరులో కవిత్వం ఉన్నా అందులో శాస్త్రసత్యం కూడా ఇమిడి ఉంది. ఇనుమునూ అయస్కాంతత్వాన్నీ విడదీసి చూడడం కష్టం. ఆధునిక భౌతికశాస్త్రంలో ఒక ముఖ్యశాఖకు ఇనుము చాలాకాలం పనికిరానిదై పోవడానికి ఈ అనుబంధమే కారణమైంది. ఆ శాఖ అతివాహకతకు సంబంధించినది.

రాగితీగలో విద్యుత్తు ప్రవహించేటప్పుడు తీగ కొంత వేడెక్కుతుంది. ప్రవాహానికి లోహం చూపే నిరోధమే ఆ వేడికి మూలం. కొన్ని పదార్థాలను బాగా చల్లబరిస్తే ఒకానొక ఉష్ణోగ్రత వద్ద ఈ నిరోధం పూర్తిగా అదృశ్యమవుతుంది. అటువంటి పదార్థాన్ని అతివాహకమనీ, ఆ ఉష్ణోగ్రతను సందిగ్ధ ఉష్ణోగ్రత అనీ అంటారు. 1911లో హాలండు దేశంలోని లైడెన్ నగరంలో కామర్లింగ్ ఓనెస్ పాదరసాన్ని 4.2 కెల్విన్ల వరకు, అంటే సున్నాకు దిగువన 269 సెల్సియస్ డిగ్రీల వరకు చల్లబరచినప్పుడు ఈ వింత మొదటిసారి బయటపడింది. అతివాహకానికి మరొక లక్షణం ఉన్నది. అది తనలోనికి అయస్కాంతక్షేత్రాన్ని రానివ్వదు. 1933లో మైస్నర్, ఓషెన్‌ఫెల్డ్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు ఈ సంగతిని కనుగొన్నారు. అతివాహక స్థితిలో ఎలక్ట్రాన్లు జంటలు జంటలుగా సంచరిస్తాయని 1957లో ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలు సిద్ధాంతీకరించారు. అయస్కాంతత్వం ఈ జంటలను విడగొడుతుంది. ఒక మంచి అతివాహకంలో అయస్కాంత గుణం గల పరమాణువులు స్వల్పంగా కలిసినా దాని సందిగ్ధ ఉష్ణోగ్రత పడిపోవడం ప్రయోగాలలో తరచుగా కనిపించేది. కనుక కొత్త అతివాహకాలను వెదికేవారు ఇనుమును దరిచేరనిచ్చేవారు కారు. ఇనుమున్న సమ్మేళనాలలో అతివాహకత అరుదుగా కనిపించినా అది కొద్ది కెల్విన్ల లోపే ఉండేది. శుద్ధమైన ఇనుము కూడా అతివాహకం కాగలదని 2001లో జపానులో నిరూపించారు. అయితే అందుకు వాతావరణ పీడనానికి లక్షన్నర రెట్లకు పైగా ఒత్తిడి కావలసి వచ్చింది. అంత ఒత్తిడిలో ఇనుము తన అయస్కాంతత్వాన్ని వదులుకొంటుంది. అప్పుడు కూడా దొరికిన ఉష్ణోగ్రత సుమారు 2 కెల్విన్లే.

ఇటువంటి పరిస్థితిలో 2008 ఫిబ్రవరిలో టోక్యో సాంకేతిక విద్యాసంస్థకు చెందిన హిదియో హొసొనో బృందం ప్రకటించిన ఫలితం శాస్త్రలోకాన్ని విస్మయపరచింది. హొసొనో అతివాహకతను వెదకుతూ బయలుదేరినవాడు కాడు. ఆయన పరిశోధన పారదర్శకమైన ఆక్సైడ్ అర్ధవాహకాలపైన. ఆ మార్గంలోనే పొరలు పొరలుగా అమరిన కొన్ని స్ఫటికాలను తీసుకొని, వాటిలో అయస్కాంత గుణం గల లోహాలను ప్రవేశపెడితే ఏమవుతుందో చూడాలనుకొన్నాడు. 2006లో లాంథనం, ఇనుము, ఫాస్ఫరస్, ఆక్సిజన్ కలిసిన ఒక సమ్మేళనం సుమారు 4 కెల్విన్ల వద్ద అతివాహకమైంది. ఆ ఉష్ణోగ్రత మరీ తక్కువ కనుక లోకం పెద్దగా పట్టించుకోలేదు. హొసొనో బృందం మాత్రం ఆ దారిని విడిచిపెట్టలేదు. యోయిచి కమిహారా మొదలైనవారు అదే నిర్మాణంలో ఫాస్ఫరస్ బదులు ఆర్సెనిక్‌ను నిలిపారు. ఫలించలేదు. ఆ పదార్థం అతివాహకం కాలేదు. పిమ్మట అందులోని ఆక్సిజన్‌లో కొద్ది భాగాన్ని తొలగించి ఆ స్థానంలో ఫ్లోరిన్‌ను చేర్చారు. నూరు ఆక్సిజన్ పరమాణువులకు బదులుగా ఎనభైతొమ్మిది ఆక్సిజన్, పదకొండు ఫ్లోరిన్ ఉండేసరికి 26 కెల్విన్ల వద్ద నిరోధం పడిపోవడం మొదలైంది. అన్నిటికీ ఆధారమైన ఇనుమును వారు తాకనైనా తాకలేదు. మార్పు జరిగింది పక్క పొరలో. ఇనుముకు పొరుగున ఉన్నవాడు మారితే ఇనుము నడవడి మారింది.

ఇదెట్లా సాధ్యమైనదో తెలియాలంటే ఆ స్ఫటికం కట్టడాన్ని చూడాలి. అందులో రెండు రకాల పొరలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లుంటాయి. ఒకటి లాంథనం-ఆక్సిజన్ పొర, రెండవది ఇనుము-ఆర్సెనిక్ పొర. విద్యుత్తు సాగేది రెండవ పొరలో. మొదటి పొర ఆ ఎలక్ట్రాన్లకు కోశాగారం వంటిది. ఆక్సిజన్ అయాన్‌పై రెండు ఋణావేశాలు ఉంటాయి, ఫ్లోరిన్ అయాన్‌పై ఒకటే ఉంటుంది. ఆక్సిజన్ ఖాళీ చేసిన స్థానంలో ఫ్లోరిన్ కూర్చొన్నప్పుడల్లా ఒక ఎలక్ట్రాన్ మిగిలిపోతుంది. ఆ మిగులు పక్కనున్న ఇనుప పొరకు చేరుతుంది. ఆ విధంగా ఇనుమును కదపకుండానే ఇనుప పొరలోని ఎలక్ట్రాన్ల సంఖ్యను పెంచే ఉపాయం దొరికింది. లాంథనం స్థానంలో కొంత కాల్షియాన్ని చేర్చి ఎలక్ట్రాన్లను తగ్గించి కూడా ఆ బృందం చూసింది. ఆ ప్రయోగంలో అతివాహకత పుట్టలేదు.

ఎలక్ట్రాన్లు పెరిగితే అతివాహకత ఎందుకు పుట్టాలి? ఫ్లోరిన్ కలపని పదార్థాన్ని న్యూట్రాన్ పుంజాలతో పరీక్షించినప్పుడు దీనికి కొంత సమాధానం లభించింది. దానిని చల్లబరుస్తూ పోతే దాదాపు 155 కెల్విన్ల దగ్గర స్ఫటికం ఆకారం కొద్దిగా వంకర తిరుగుతుంది. ఇంకా చల్లబరిస్తే సుమారు 137 కెల్విన్ల దగ్గర ఇనుప పరమాణువులలోని సూక్ష్మ అయస్కాంతాలు వరుసలు కట్టి, ఒక వరుస ఒక వైపుకూ, దాని పక్క వరుస ఎదురు వైపుకూ మొగం పెడతాయి. ఈ క్రమబద్ధమైన అయస్కాంత స్థితి నిలిచి ఉన్నంతవరకు ఆ పదార్థంలో అతివాహకతకు చోటు ఉండదు. ఫ్లోరిన్ చేరేకొద్దీ ఈ వరుసలు చెదిరిపోతాయి. అవి చెదిరిన చోట అతివాహకత తలయెత్తుతుంది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. అయస్కాంతత్వం పూర్తిగా నశించినందువల్ల అతివాహకత వస్తున్నదని చెప్పలేము. క్రమం చెదిరిన తరువాత కూడా మిగిలిపోయే అయస్కాంత చలనమే ఎలక్ట్రాన్లను జంటలుగా కలుపుతున్నదని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. పాత సిద్ధాంతం చెప్పినట్లు స్ఫటికంలోని కంపనాలే జంట కలుపుతున్నాయనుకొంటే 26 కెల్విన్ల లెక్క కుదరడం లేదు. ఈ వివాదం ఇంకా తేలలేదు. శత్రువనుకొన్నదే లోపల సహాయం చేస్తున్నదేమోనన్న శంక మాత్రం బలపడింది.

ఫ్లోరిన్ తక్కువైతే అతివాహకత రాదు. ఎక్కువైతే వచ్చినది తగ్గుతుంది. అరిసెలు వండే ఇల్లాలికి ఈ మర్మం చక్కగా తెలుసు. పాకం లేతగా ఉంటే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే గట్టిపడుతుంది. బెల్లమూ బియ్యప్పిండీ అవే అయినా తినే వస్తువు వేరవుతుంది. రసాయనశాలలో ఈ పాకాన్ని పరమాణువుల లెక్కన పట్టాలి, అంతే తేడా.

ఫిబ్రవరి వార్త వెలువడిన కొద్ది రోజులకే పలు దేశాలలో పోటీ మొదలైంది. ఫ్లోరిన్ కలిపిన ఆ పదార్థాన్నే అధిక పీడనంలో ఉంచితే సందిగ్ధ ఉష్ణోగ్రత 43 కెల్విన్ల దాకా పెరుగుతుందని జపానులో కనుగొన్నారు. బయటినుండి నొక్కితే ఫలితం కనిపించినప్పుడు లోపలినుండి కూడా నొక్కవచ్చు గదా! లాంథనం స్థానంలో అంతకంటే చిన్న పరమాణువును ఉంచితే స్ఫటికం తనంత తానే ముడుచుకొంటుంది. విరళ మృత్తికా మూలకాల వరుసలో ముందుకు పోయేకొద్దీ పరమాణు పరిమాణం క్రమంగా తగ్గుతుందని రసాయనశాస్త్ర విద్యార్థులు చదువుకొనే ఉంటారు. ఆ పాఠం ఇక్కడ అక్కరకు వచ్చింది. సీరియంతో 41, ప్రసియోడిమియంతో 52, సమేరియంతో 55 కెల్విన్లు లభించాయి. ఈ ఫలితాలలో ఎక్కువ భాగం చైనా ప్రయోగశాలలవి. 55 కెల్విన్ల సమ్మేళనం బీజింగులో జావ్ జోంగ్‌షియన్ బృందం చేతిలో రూపొందింది. ఫిబ్రవరిలో 26గా ఉన్నది ఏప్రిల్ నాటికి 55 అయింది. గాడోలినియం స్థానంలో కొంత థోరియాన్ని చేర్చి మరొక చైనా బృందం అదే సంవత్సరం 56 కెల్విన్లను అందుకొన్నది. ఈ తెగకు చెందిన ఘనపదార్థాలు సాధారణ పీడనంలో ఆ మెట్టును ఇప్పటికీ చెప్పుకోదగినంతగా దాటలేదు.

ఈ మార్పులో ఆవేశం పాత్ర లేదు. లాంథనమూ సమేరియమూ రెండూ మూడేసి ఎలక్ట్రాన్లనే ఇచ్చేవి. మారినది ఆకృతి. ప్రతి ఇనుప పరమాణువు చుట్టూ నాలుగు ఆర్సెనిక్ పరమాణువులు నాలుగు మూలలలో నిలిచి ఒక చతుర్ముఖిని ఏర్పరుస్తాయి. నాలుగు ముఖాలూ సమానమైన చతుర్ముఖిలో మధ్యనుండి ఏ రెండు మూలలకు గీతలు గీసినా వాటి మధ్య కోణం సుమారు 109.5 డిగ్రీలు. లాంథనం సమ్మేళనంలో చతుర్ముఖి కొంత అణగి ఉంటుంది, సమేరియం సమ్మేళనంలో దాదాపు సమంగా ఉంటుంది. కోణం 109.5కు దగ్గరయ్యేకొద్దీ సందిగ్ధ ఉష్ణోగ్రత పెరుగుతున్నదని పలు సమ్మేళనాలను పోల్చినవారు గమనించారు. కోణం చక్కగా ఉన్నంతమాత్రాన ఫలితం తప్పదని భావించరాదు. ఈ సూత్రానికి లొంగని సమ్మేళనాలు కూడా ఉన్నాయి.

2008లోనే జర్మనీలోని మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో డిర్క్ యోరెంట్ బృందం ఆక్సిజన్ ఊసే లేని మరొక కుటుంబాన్ని కనుగొన్నది. బేరియం ఒక పాలు, ఇనుము రెండు పాళ్ళు, ఆర్సెనిక్ రెండు పాళ్ళు కలిసిన సమ్మేళనమిది. పాళ్ళను బట్టి దీనిని ‘122’ అని పిలుస్తారు. మొదటి కుటుంబంలో నాలుగు మూలకాలూ ఒక్కొక్క పాలే కనుక దానికి ‘1111’ అని పేరు. 122 కూడా స్వతహాగా అతివాహకం కాదు. దానిలో ప్రతి అయిదు బేరియం అయాన్లలో రెండింటిని తీసి పొటాషియాన్ని ఉంచితే 38 కెల్విన్ల వద్ద అతివాహకమవుతుంది. బేరియం రెండు ఎలక్ట్రాన్లను ఇస్తే పొటాషియం ఒక్కదానినే ఇస్తుంది. అంటే ఇక్కడ ఇనుప పొరలో ఎలక్ట్రాన్లు తగ్గాయి. 1111లో చేర్చడం వలన దొరికినది 122లో తగ్గించడం వలన కూడా దొరికింది. బేరియాన్నంతటినీ తొలగించి పొటాషియాన్నే నింపితే 38 కాస్తా మూడు నాలుగు కెల్విన్లకు దిగజారుతుంది.

122లో అంతకంటే ఆశ్చర్యకరమైన మరొక ప్రయోగం జరిగింది. రాగి ఆక్సైడ్ అతివాహకాలు 1986లో వెలుగుచూసినప్పటినుండి ఒక నియమం స్థిరపడి ఉన్నది. రాగి పొరలో రాగికి బదులు వేరొక లోహం చొరబడితే అతివాహకత వేగంగా దెబ్బతింటుంది. ఇనుప పొర అంత పెళుసు మనసు గలది కాదు. నూరు ఇనుప పరమాణువులలో ఆరేడింటిని తొలగించి కోబాల్టును ఉంచితే, అతివాహకం కాని పదార్థం కాస్తా 22 కెల్విన్లకు పైగా అతివాహకమైంది. ఆవర్తన పట్టికలో కోబాల్టు ఇనుముకు కుడిపక్కన ఉన్నది, దానికి ఒక ఎలక్ట్రాన్ అధికం. ఆ తరువాతి గదిలోని నికెల్‌కు రెండు అధికం కనుక కోబాల్టు కంటే తక్కువ పాళ్ళతోనే పని జరుగుతుంది. ఇనుముకు ఎడమపక్కన ఉన్న మాంగనీసును చేర్చి చూశారు. అదీ పొరుగిల్లే, దానికీ ఒక్క ఎలక్ట్రానే తేడా. కాని మాంగనీసుతో అతివాహకత పుట్టనే లేదు. దాని పరమాణువులపై అయస్కాంతత్వం గట్టిగా నాటుకొని ఉండడమే ఇందుకు కారణంగా భావిస్తున్నారు. ఎలక్ట్రాన్లను లెక్కబెట్టినంత మాత్రాన సరిపోదని దీనివల్ల తెలుస్తున్నది. ఇక ఆర్సెనిక్‌లో దాదాపు మూడవ వంతును తీసి ఫాస్ఫరస్‌ను ఉంచితే ఎలక్ట్రాన్ల లెక్క అణుమాత్రమూ మారదు. రెండూ ఒకే వర్గానికి చెందినవి, ఫాస్ఫరస్ కొంచెం చిన్నది. అంతమాత్రానికే 30 కెల్విన్ల అతివాహకత లభించింది. లిథియం, ఇనుము, ఆర్సెనిక్ సమపాళ్ళలో కలిసిన మరొక సమ్మేళనం ఉన్నది. దానికి ఏ చేర్పూ అక్కరలేకుండానే 18 కెల్విన్ల వద్ద అతివాహకమవుతుంది.

పాళ్ళ ప్రాధాన్యాన్ని కళ్ళకు కట్టినట్లు చూపే ఉదాహరణ మాత్రం ఇనుము-సెలీనియం సమ్మేళనానిదే. ఈ కుటుంబాలన్నిటిలో ఇది అతి సరళమైనది. ఇందులో రెండే మూలకాలు. ఆర్సెనిక్ లేదు, నడుమ వేరే పొర లేదు. 2008లో తైవాన్‌లో వు మావ్-క్వెన్ బృందం ఇది 8 కెల్విన్ల వద్ద అతివాహకమని కనుగొన్నది. తరువాత ఇతరులు తయారుచేసిన నమూనాలలో ఫలితం ఒకచోట ఒకలాగా, మరొకచోట మరొకలాగా కనిపించింది. దీని రహస్యాన్ని 2009లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్రజ్ఞులు విప్పారు. నూరు సెలీనియం పరమాణువులకు నూటొక్క ఇనుప పరమాణువులు ఉన్నప్పుడు ఆ పదార్థం ఎనిమిదిన్నర కెల్విన్ల వద్ద అతివాహకమైంది. నూటమూడు ఉన్నప్పుడు ఎంత చల్లబరచినా కాలేదు. నూటికి రెండు పరమాణువుల తేడాతో పదార్థ స్వభావమే మారిపోయింది. కంటికి ఆ రెండు నల్లని పొడుల నడుమ ఏ భేదమూ కనిపించదు. ఏ ప్రయోగశాలలోనైనా తూనికలో పొరపాటు దొర్లి నూటమూడు పడి ఉంటే ఆ పరిశోధకుడు ఈ పదార్థం పనికిరాదని నిర్ణయించి పక్కన పడవేసి ఉండేవాడు.

ఈ సమ్మేళనానికే మరికొన్ని విశేషాలు ఉన్నాయి. సెలీనియంలో సగం వరకు టెల్లూరియంతో మార్చితే సందిగ్ధ ఉష్ణోగ్రత సుమారు 14 కెల్విన్లకు చేరుతుంది. అధిక పీడనంలో సుమారు 37 అవుతుంది. 2012లో బీజింగులోని చింగ్‌హ్వా విశ్వవిద్యాలయంలో షువే చికున్ బృందం స్ట్రాన్షియం టైటనేట్ పలకపై ఒకే ఒక్క పొర మందాన దీనిని పేర్చి చూసింది. ఆ పలుచని పొరలో 60 కెల్విన్లను దాటి అతివాహకత ఉండవచ్చుననే సూచనలు కనిపించాయి. కింద ఉన్న పలకనుండి ఎలక్ట్రాన్లు పైకి రావడం దీనికి ఒక కారణమని తేలింది. ఇక్కడ కూడా పొరుగువాని ప్రభావమే.

తూకం వేసినంత పదార్థమూ స్ఫటికంలోకి చేరుతుందన్న భరోసా లేకపోవడం ఈ రంగంలో పెద్ద చిక్కు. ఆర్సెనిక్ 615 సెల్సియస్ డిగ్రీల దగ్గరే కరగకుండా నేరుగా ఆవిరైపోతుంది. 1111 సమ్మేళనాలు రూపొందడానికి వేయి డిగ్రీలు దాటిన వేడి కావాలి. అందువలన పొడులను ఆర్గాన్ వాయువు నింపిన పెట్టెలో కలిపి, గాజును పోలిన సిలికా గొట్టాలలో పెట్టి, మూతులు కరగించి మూసి, కొలిమిలో గంటల తరబడి ఉంచుతారు. గొట్టం పగిలిందంటే గదిలో విషవాయువు వ్యాపిస్తుంది. ఆర్సెనిక్ సమ్మేళనాలైన హరిదళం, మణిశిల అనే ఖనిజాలు మన ప్రాచీన వైద్యులకు కూడా తెలిసినవే. వారు వాటిని శుద్ధిచేయకుండా వాడేవారు కారు. మందుబిళ్ళను మనం ‘మాత్ర’ అంటున్నాము. ఆ మాటకు మూలార్థం కొలత. కొలిమిలో ఫ్లోరిన్‌లో కూడా కొంత ఇతర పదార్థాలుగా మారి వృథా అవుతుంది. కలిపినది నూటికి ఇరవై పాళ్ళయితే స్ఫటికంలో నిలిచినది అంతకు తక్కువే. పరిశోధన పత్రాలలో కలిపిన పాళ్ళు వేరు, కొలిచిన పాళ్ళు వేరు అని విడిగా పేర్కొనడానికి ఇదే కారణం. ఈ భేదాన్ని గమనించక రెండు ప్రయోగశాలల ఫలితాలను పోల్చినవారు పొరబడడం సహజం.

ఈ చిక్కు హొసొనో బృందానికే ఒక కొత్త సంగతిని నేర్పింది. లాంథనం సమ్మేళనంలో ఫ్లోరిన్ ఒక హద్దు వరకే ఇముడుతుంది. ఆ హద్దు సమీపించేసరికి సందిగ్ధ ఉష్ణోగ్రత తగ్గుముఖం పడుతుంది గనుక ఆ పదార్థం శక్తి అంతటితో ముగిసినదని అందరూ అనుకొన్నారు. 2012లో హొసొనో బృందం ఫ్లోరిన్‌కు బదులు హైడ్రోజన్‌ను వాడింది. ఈ స్ఫటికంలో హైడ్రోజన్ కూడా ఒక ఋణావేశంతో ఆక్సిజన్ స్థానంలో కూర్చొంటుంది, పైగా సగం వరకు ఇముడుతుంది. హైడ్రోజన్ పాళ్ళు పెరిగేకొద్దీ మొదట ఉష్ణోగ్రత పెరిగి తగ్గింది. అది తెలిసిన కథే. ఇంకా చేర్చితే మళ్ళీ పెరగసాగింది. మూడవ వంతుకు కాస్త పైన 36 కెల్విన్లకు చేరింది. మొదటి గుట్ట వెనుక అంతకంటే ఎత్తయిన రెండవ గుట్ట ఉన్నది. ప్రకృతి గీసిన గీత అనుకొన్నది ఫ్లోరిన్ గీసిన గీత మాత్రమే. నాలుగేళ్ళపాటు ఎవరికీ ఆ సందేహం రాలేదు.

56 కెల్విన్లన్నది ద్రవ నైట్రోజన్ ఉష్ణోగ్రత అయిన 77 కంటే తక్కువ. రాగి ఆక్సైడ్ అతివాహకాలు 1987లోనే ఆ 77ను దాటిపోయాయి. మరి ఇనుప అతివాహకాల వలన ప్రయోజనమేమిటని ఎవరైనా అడగవచ్చు. సందిగ్ధ ఉష్ణోగ్రత ఒక్కటే అతివాహకానికి కొలబద్ద కాదు. ఎంత బలమైన అయస్కాంతక్షేత్రంలో అది తన స్థితిని నిలుపుకోగలదన్నది మరొక కొలబద్ద. ఆసుపత్రులలో ఎం.ఆర్.ఐ. యంత్రాల అయస్కాంతాలు సాధారణంగా 1.5 లేక 3 టెస్లాల బలం గలవి. ద్రవ హీలియంలో చల్లబరచిన నియోబియం-టైటానియం తీగలు వాటికి చాలుతున్నాయి. పొటాషియం చేర్చిన 122 అతి శీతలస్థితిలో 50 టెస్లాలను మించిన క్షేత్రాన్ని తట్టుకొంటుంది. పొరలకు అడ్డంగా ప్రయోగించినా నిలువుగా ప్రయోగించినా దాని ఓర్పులో పెద్ద తేడా ఉండదు. రాగి ఆక్సైడ్లకు ఈ సమదృష్టి లేదు. స్ఫటికపు తునకలు ఒకదానితో ఒకటి కొంత పక్కకు ఒరిగి అతుకుకొన్నా ఇనుప అతివాహకాలలో విద్యుత్తు రాగి ఆక్సైడ్లలో వలె తొందరగా ఆగిపోదు. అందుచేత పొడిని వెండి గొట్టంలో కూరి, సాగదీసి, వేడిచేసి తీగగా మార్చే సులభమైన పద్ధతి వీటికి సరిపడింది. బీజింగులోని చైనా విజ్ఞాన అకాడమీ పరిశోధకులు 2016లో ఈ పద్ధతిలోనే స్ట్రాన్షియం, పొటాషియం, ఇనుము, ఆర్సెనిక్‌లతో నూరు మీటర్ల పొడవైన తీగను తయారుచేశారు. అంత పొడవునా ఎక్కడ తుంచి చూసినా పొటాషియం పాళ్ళు ఒకే తీరుగా ఉండాలి. ఒక్క అంగుళం మేర అవి తప్పితే తీగ మొత్తం మోయగలిగిన విద్యుత్తు ఆ అంగుళం మోసినంతే.